వైరస్ జన్యుక్రమ మార్పు

వైరస్‌లోని జన్యువులను తొలగించకుండా వాటి వరుసను మాత్రమే మార్చి, దాని వృద్ధిని నియంత్రించే పద్ధతి. పశువులకు నోటిపొక్కులు తెచ్చే వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. సుమారు 11,000 న్యూక్లియోటైడ్ల దాని ఆర్‌ఎన్‌ఏలో ఎన్, పి, ఎం, జి, ఎల్ అనే 5 జన్యువులు ఇదే వరుసలో ఉంటాయి. పాలిమరేజ్ ఎంజైమ్ ఒక కొస నుంచే నకలు మొదలుపెడుతుంది. ప్రతి జన్యువు సరిహద్దులోనూ కొన్ని ఎంజైములు జారిపోతాయి. కాలువ చివరి పొలానికి నీరు తగ్గినట్టే, వెనక ఉన్న జన్యువుకు నకళ్లు తగ్గుతాయి. కొత్త ఆర్‌ఎన్‌ఏను చుట్టి కాపాడేది ఎన్ ప్రోటీన్. అది చాలకపోతే జన్యుపదార్థం పెరగదు. 1998లో శాస్త్రవేత్త గెయిల్ వెర్ట్జ్ బృందం ఎన్ జన్యువును ఒక్కొక్క స్థానం వెనక్కి జరిపింది. కణాల్లో వైరస్ వృద్ధి అంచెలంచెలుగా పడిపోయింది, ఎలుకల్లో ప్రాణాంతక శక్తి కూడా తగ్గింది. అయినా రక్షణ కల్పించే సామర్థ్యం నిలిచింది. టీకాల తయారీకి ఇది ఎంతో విలువైన ఫలితం: ఒక్క అక్షరం మారిన ఉత్పరివర్తనం తిరిగి సర్దుకోవచ్చు, మొత్తం వరుస వెనక్కి మళ్లడం చాలా కష్టం. జి జన్యువును ముందుకు తెస్తే రోగనిరోధక స్పందన త్వరపడింది. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల ప్రాణాలు తీసిన చండీపుర వైరస్‌దీ వెసిక్యులర్ స్టొమటైటిస్ వైరస్ ప్రజాతే, జన్యువుల సహజ వరుస కూడా అదే.