కీలుగుర్రంలోని కీలు: మూకీ కార్టూన్ చిత్రాలూ తెలుగు దృశ్యకళా సంప్రదాయమూ

1914లో అమెరికన్ కార్టూనిస్టు విన్సర్ మెకే ‘గెర్టీ’ అనే డైనోసారును తెర మీద ఆడించాడు. కొరడా పట్టుకొని ఆయన రంగస్థలం మీద నిలుచుంటే, వెనుక తెర మీద గీతల్లో పుట్టిన ఆ జంతువు ఆయన చెప్పినట్లు తల వంచేది, కాలెత్తేది, మందలిస్తే కన్నీరు పెట్టేది. చివరికి మెకే తెర చాటుకు వెళ్ళగానే, బొమ్మగా గీసిన మెకే తెర మీద ప్రత్యక్షమై గెర్టీ వీపునెక్కి సాగిపోయేవాడు. మనిషి ఎక్కడ ఆగాడో, బొమ్మ ఎక్కడ మొదలైందో ప్రేక్షకునికి స్పష్టంగా తెలుసు. ఆ తెలియడంలోనే వినోదముంది. సజీవ నటుడూ కల్పిత రూపమూ కలిసే ఆ సంధిస్థలాన్ని ఈ వ్యాసంలో ‘అతుకు’ అని వ్యవహరిస్తున్నాను. అతుకును చూపడం, దాచడం అనే రెండు పద్ధతులూ సినిమాకు పూర్వమే మనకు పరిచితాలనీ, నూజివీడు ప్రాంతపు జమీందారు నిర్మించిన ‘కీలుగుర్రం’ (1949) చిత్రాన్ని వాటి వెలుగులో చదవవలసి ఉందనీ నా ప్రతిపాదన.

దాచే పద్ధతి ఇంద్రజాలికునిది. 1900 నాటి ‘ది ఎన్‌చాంటెడ్ డ్రాయింగ్’లో స్టూవర్ట్ బ్లాక్‌టన్ కాగితం మీద సీసానూ గ్లాసునూ గీసి, వాటిని నిజమైన వస్తువులుగా చేతిలోకి తీసుకుంటాడు. కెమెరా ఆపడం, బొమ్మకు బదులు వస్తువు నుంచడం, మళ్ళీ కెమెరా తిప్పడం ఇందులోని కిటుకు. భారతదేశపు వీధులలో ఇంద్రజాలికులు చేసిన మామిడిచెట్టు విద్య స్వభావమూ ఇదే. టెంకను మట్టిలో పాతి, నీళ్ళు చిలకరించి, గుడ్డ కప్పుతారు. తీసేసరికి మొలక; మళ్ళీ కప్పి తీస్తే మొక్క; మరోసారి కాయ. గుడ్డ కప్పిన క్షణమూ కెమెరా ఆపిన క్షణమూ చేసే పని ఒక్కటే. రసాల తోటల నడుమ పెరిగిన నూజివీటి ప్రేక్షకునికి టెంక కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ గుడ్డ కింద జరిగే మోసం విలువ అతనికి మరింత బాగా తెలిసి ఉండాలి. దాదాసాహెబ్ ఫాల్కే కొంతకాలం ‘ప్రొఫెసర్ కెల్ఫా’ పేరుతో ఇంద్రజాల ప్రదర్శనలు ఇవ్వడమూ, ‘రాజా హరిశ్చంద్ర’ (1913)కు ముందు బఠానీ మొక్క పెరుగుదలను చిత్రీకరించడమూ కాకతాళీయమని తోసిపుచ్చలేము.

రెండవ పద్ధతిని మాక్స్ ఫ్లైషర్ బాగా ఎరుగును. 1918లో మొదలైన ‘అవుట్ ఆఫ్ ది ఇంక్‌వెల్’ చిత్రాలలో కోకో అనే విదూషకుడు సిరాబుడ్డి నుంచి పుట్టి, నిజమైన గదిలో చిత్రకారునితో తగవులాడి, చివరికి సిరాబుడ్డిలోకే చేరుతాడు. డిస్నీ 1923లో దీనిని తలకిందులు చేసి, ఆలిస్ అనే నిజమైన బాలికను గీసిన లోకంలోకి పంపాడు. రెంటిలోనూ అతుకే హాస్యానికి మూలం. మన తోలుబొమ్మలాటలోనూ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క పురాణకథ నడుమ జొరబడి ఊరి సంగతులు మాట్లాడతారు. రెండు కాలాల మధ్య అతుకు ప్రేక్షకుని కళ్ళెదుటే పడుతుంది.

అయితే మూకీ కార్టూన్‌కు మరింత సమీపమైన రూపం కీలుగుర్రాల ఆట. వెదురుతో, కాగితంతో, గుడ్డతో చేసిన గుర్రపు బొమ్మలో నర్తకుడు నిలబడతాడు. నడుముకు పైన రౌతు. నడుముకు కింద గుర్రం. శరీరంలో సగం నిజం, సగం కల్పన. నర్తకుని అడుగులే గుర్రపు అడుగులు. ఈ విషయం చిన్నపిల్లలకు కూడా తెలుసు, అయినా గుర్రం బెదిరితే పక్కకు తప్పుకుంటారు. మెకే తెర చాటుకు వెళ్ళి సాధించిన సంయోగాన్ని ఈ నర్తకుడు తెర లేకుండానే, తన నడుము దగ్గరే సాధిస్తున్నాడు.

నూజివీడు జమీందారీ నుంచి చీలిన ఎస్టేట్లలో మీర్జాపురం ఒకటి. మీర్జాపురం రాజా స్థాపించిన చిత్రనిర్మాణ సంస్థ పేరు శోభనాచల. నూజివీడుకు సమీపాన ఆగిరిపల్లిలో నరసింహస్వామి వెలసిన కొండ పేరూ శోభనాచలమే. అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించగా, ఘంటసాల సంగీతం కూర్చిన ‘కీలుగుర్రం’కు నిర్మాతా దర్శకుడూ రాజావారే. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. మరుసటి ఏడాదే ఒక జమీందారు రాకుమారుణ్ణి ఆకాశంలో ఎగరవేశాడు. ఇందులో వ్యంగ్యం వెదకడం సులువు, కాని అది మన దృష్టిని గుర్రం మీద నుంచి మళ్ళిస్తుంది.

తెర మీద ఆ గుర్రం ఎగిరేటప్పుడు నర్తకుని నడుము వంటిదేదీ కనబడకూడదు. రాక్షసి రాణిగా చెలామణి అయ్యే కథకు అది అవసరం కూడా. ఈ అర్థంలో చిత్రం మామిడి విద్య పక్షాన చేరింది. మన సినిమా చరిత్రలు జానపద చిత్రాల ట్రిక్కు దృశ్యాలను కేవలం కెమెరా పనితనంగా ప్రస్తుతించి వదిలివేయడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం: అతుకు కనబడకపోతే దాని వెనుకనున్న ఆట కూడా కనబడదు. కాని శీర్షిక మాత్రం ఆ ఆటను మరువలేదు. కీలు అంటే సంధి, యంత్రం. ‘కీలుబొమ్మ’ అన్నప్పుడు ఆడించే చేయి ఒకటి ఉందని కూడా ధ్వనిస్తుంది. ఆకాశగమనం చేసే గుర్రానికి దివ్యాశ్వమనో, మాయాశ్వమనో పేరు పెట్టకుండా, మర ఉన్నదని చెప్పే పేరునే జానపద కథా, వీధి ఆటా, సినిమా మూడూ నిలుపుకున్నాయి.

ఈ చిత్రాన్ని తమిళంలోకి డబ్బింగ్ చేసినప్పుడు ‘మాయక్కుదిరై’ అని పేరు పెట్టారు. గుర్రం నిలిచింది, కీలు పోయి, మాయ వచ్చింది.