కలం గొట్టం అతికింపు

చేతితో పెన్నులు చేసేటప్పుడు, తొలిచిన కర్రముక్కలో ఇత్తడి గొట్టాన్ని జిగురుతో బిగించే పని. రీఫిల్లును కదిపే మర, పాళీ వైపు భాగం ఈ గొట్టంలోకే నొక్కుకుంటాయి. లేత్ మీద చెక్కాక చుట్టూ మిగిలే కర్ర చాలా పలచన. లోపల జిగురు అందని చోటు ఒక్కటున్నా ఉలి తగిలి పెచ్చు లేస్తుంది. పెన్ను తయారీలో అసలు పరీక్ష ఇక్కడే.

నున్నటి ఇత్తడికి జిగురు సరిగా పట్టదు. గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు తుడిచి, ఒక చివర మైనంతో మూసి, జిగురు పూసిన గొట్టాన్ని తిప్పుతూ లోపలికి నెట్టాలి. సూపర్ గ్లూ తేమతో గట్టిపడే రకం. విశాఖపట్నం లాంటి సముద్రతీరపు ఉక్కలో గొట్టం సగం దారిలోనే పట్టేస్తే ఆ ముక్క పోయినట్టే. రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తుంది, సందులనూ నింపుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి అదే మేలు. పూర్తిగా ఆరాక చివరలను గొట్టానికి లంబంగా చదును చేస్తారు.

వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో చేసే కర్రబొమ్మలకు ఈ జిగురు బెడద లేదు: తిరిగే అంకుడు కర్రకు లక్కను అదిమితే, రాపిడి వేడికి కరిగి తానే పట్టుకుంటుంది. 1930ల్లో కె.వి. రత్నం రాజమండ్రిలో మొదలుపెట్టిన రత్నం పెన్నుల దారి మరొకటి. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని తొలిచి, బిగించే మరలు అందులోనే కోస్తారు; గొట్టమే అక్కర్లేదు.