రోవర్స్, డ్యూరాండ్ కప్పులను ఇంటికి తెచ్చిన పోలీసు జట్టు

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పునూ, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పునూ గెలుచుకుంది. దేశంలోని బాగా పాతవైన ఆ రెండు కప్పులూ ఒకే ఏడాది దక్కన్‌కు చేరడంతో హైదరాబాద్ పేరు మైదానాలన్నిటా మారుమోగింది. ఆ విజయానికి 75 ఏళ్లు నిండాయి. అప్పటికి మన నల్లగొండ, పాలమూరు జిల్లాలు హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆ జట్టు కథ మన ఇంటి కథే. ఈ సంచిక చదివే పిల్లలకు అది తెలియాలి.

ఫుట్‌బాల్ క్లబ్బు అనగానే మనకు దక్షిణ అమెరికా గుర్తొస్తుంది. బోకా జూనియర్స్‌ను 1905లో బ్యూనస్ ఎయిర్స్ రేవు పేటలో వలస కుటుంబాల కుర్రాళ్లు స్థాపించారు. పెలే ఆడిన శాంటోస్ 1912లో బ్రెజిల్‌లోని ఒక ఓడరేవు పట్టణంలో పుట్టింది. పేటల్లో, వీధుల్లో ఆడే పిల్లలే ఆ క్లబ్బులకు ప్రాణం. మన పోలీసు జట్టూ అలాగే ఎదిగింది. హైదరాబాద్, సికింద్రాబాద్ బస్తీల్లో ఆడే కుర్రాళ్లను చేరదీసి, పోలీసు శాఖలో కొలువిచ్చి ఆడించారు. జీతం నికరంగా రావడంతో ఇంటి బెంగ లేకుండా ఆటగాళ్లు ఏళ్ల తరబడి కలిసి ఆడగలిగారు. ఒకరి కదలిక ఒకరికి కంఠతా వచ్చేసేది. 1943లోనే బెంగళూరు యాష్ గోల్డ్ కప్పు ఫైనల్లో బ్రిటిష్ వైమానిక దళం జట్టును ఓడించి, తామెంతటివారో ఈ జట్టువారు చాటారు.

ఆ జట్టును తిరుగులేని స్థాయికి తీసుకెళ్లినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, బడిపంతులుగా పనిచేసిన రహీం సాబ్ 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టి, 1963లో కన్నుమూసేదాకా వదల్లేదు. బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోకుండా ఒక్క తాకుతో సహచరుడికి అందించడం ఆయన నేర్పిన మొదటి పాఠం. పిల్లల కోసం వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. మరొకదాంట్లో అలవాటులేని కాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో ఫలానా ఎత్తు మించినవారికి చోటుండదు. బలహీనమైన కాలికి బలం రావాలన్నా, పొట్టి పిల్లాడికీ వంతు దక్కాలన్నా ఇదే దారని ఆయన నమ్మారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ వల్ల జగమంతా తెలిసిన, ఆటగాళ్లను మోహరించే 4-2-4 పద్ధతిని అంతకుముందే ఆయన మన ఆటగాళ్లకు అలవాటు చేశారని ఫుట్‌బాల్ చరిత్రకారులు చెబుతారు.

ఫలితాలు వరసకట్టాయి. 1950 నుంచి 1954 దాకా అయిదేళ్లు వరసగా రోవర్స్ కప్పు హైదరాబాద్ పోలీసులదే. 1957లోనూ వారే గెలిచారు. రాష్ట్రం మారాక ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో 1960లో నెగ్గారు, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి పంచుకున్నారు, 1963–64లో మళ్లీ సాధించారు. మొత్తం తొమ్మిది రోవర్స్ కప్పులు! డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957, 1961లలో వచ్చింది. వాటిలో మొదటిసారీ చివరిసారీ ఫైనల్లో ఓడినది కలకత్తా మేటి జట్టు మోహన్ బగాన్. రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీలోనూ 1956–57, 1957–58లలో హైదరాబాద్ జట్టే విజేత.

దేశ జట్టుకు వెన్నెముక కూడా ఇక్కడివారే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ హెల్సింకీ, మెల్‌బోర్న్ ఒలింపిక్స్ రెండింటా ఆడారు. 1952లో హెల్సింకీలో యుగోస్లేవియా చేతిలో 10–1తో చిత్తయిన భారత్, నాలుగేళ్లకే రహీం సాబ్ శిక్షణలో మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో ఇంకా పెద్ద ఘనత దక్కింది. ఆగస్టు 30న శాంటోస్ తొలిసారి దక్షిణ అమెరికా క్లబ్బుల కిరీటమైన లిబర్టడోరెస్ కప్పు గెలిస్తే, అయిదు రోజులకే, సెప్టెంబరు 4న, జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారత్ ఆసియా క్రీడల స్వర్ణం అందుకుంది. ఆ జట్టులో తంగరాజ్, బలరాం, యూసఫ్ ఖాన్ మన జంట నగరాల నుంచి ఎదిగినవారు. క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును నడిపిన రహీం సాబ్ 1963 జూన్ 11న మరణించారు.

ఆ తర్వాత వైభవం నెమ్మదిగా తగ్గింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచినా, మేటి ఆటగాళ్లు పెద్ద క్లబ్బులున్న కలకత్తా బాట పట్టారు. పోలీసు జట్టులో రాణించిన నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. హైదరాబాద్ బిడ్డ మహమ్మద్ హబీబ్ 1977లో మోహన్ బగాన్ తరఫున, పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో 2–2తో ముగిసిన ఆటలో గోల్ చేశారు. ఇంత కీర్తి వచ్చినా ఇంటి దగ్గర బస్తీ పోటీలు తగ్గాయి, ఖాళీ జాగాలు ఇళ్లయిపోయాయి. హైదరాబాద్ ఎఫ్‌సి 2021–22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు మనం సంబరపడ్డాం. కానీ బయటి నుంచి వచ్చిన ఆటగాళ్లతో ఒక సీజన్ గెలవడం వేరు, మన పిల్లలను పదేళ్లు తీర్చిదిద్దడం వేరు. పోలీసు జట్టు రెండోది చేసింది, అందుకే అన్నేళ్లు నిలిచింది.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. జిల్లా కేంద్రాల్లో స్టేడియాలు, ఊళ్లలో ఉన్నత పాఠశాలల ఆవరణలు ఉన్నాయి. మన నేల రాళ్లదైనా, ఎండ మండినా, పొద్దున్నే ఓ గంట బంతి తన్నడానికి అవి అడ్డు కావు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. మన తండాల ఆడపిల్లలకూ ఆ దారి తెరిచే ఉంది.

వ్యాయామ ఉపాధ్యాయులకూ, సర్పంచులకూ, పూర్వ విద్యార్థులకూ విన్నపం ఒక్కటే. రహీం సాబ్ పెట్టినటువంటి పిల్లల పోటీలను ప్రతి మండలంలో ఏటా జరపండి. ఒక మంచి బంతి, రెండు గోల్ స్తంభాలు, విజిల్ పట్టిన పంతులు ఒకరు ఉంటే చాలు. ఆడే కుర్రాడికి కొలువు, ఆడే అమ్మాయికి హాస్టల్ దొరికేలా ప్రభుత్వాన్ని గట్టిగా అడగండి. ఆ పోలీసు జట్టుకు మనం చెల్లించవలసిన గౌరవం ఇదే.