బొగ్గుపెళ్ల, నుమాయిష్, లడ్డూ వేలం

డిసెంబర్ 23 వచ్చిందంటే మా గోదావరిఖనిలో పండుగే. 1920లో ఆ రోజునే సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో నమోదైంది. అందుకే దాన్ని సింగరేణి దినోత్సవంగా జరుపుకుంటాం. స్టాళ్లు పెడతారు, గనుల నమూనాలు పెడతారు, పిల్లల్ని వెంటేసుకుని కాలనీలన్నీ కదిలివస్తాయి. ఒక ఏడాది అలాంటి ఒక బల్ల మీద ఇత్తడి దీపం ఒకటి కనబడింది. మా నాయిన బొగ్గుబాయిలో సర్దార్‌గా చేశాడు. అలాంటి దీపాన్నే ఆయన చేతిలో ఎన్నోసార్లు చూశాను.

అడుగున గుండ్రటి ఇత్తడి బుడ్డి, దాని మీద మందపాటి గాజు, పైన సన్నటి తీగతో అల్లిన జాలి, తగిలించుకోవడానికి కొక్కెం. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కనిపెట్టిన దీపానికి ఇది వారసురాలు. లోపలి మంట వేడిని జాలి లాగేసుకుంటుంది కాబట్టి బయటి గ్యాస్ అంటుకోదు. అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటుంది. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు కిందే చేరుతుంది. సర్దార్ వత్తిని బాగా తగ్గించి, దీపాన్ని మెల్లగా పైకెత్తుతాడు. గ్యాస్ ఉంటే చిన్న మంట మీద లేత నీలం టోపీ లేస్తుంది. ఆ టోపీ ఎత్తును బట్టి గ్యాస్ ఎంతుందో చెప్పేవాళ్లు. ఒక షిఫ్టు మనుషుల ప్రాణాలు ఆ నీలిరంగును గుర్తుపట్టే కళ్ల మీద ఆధారపడేవి.

పండుగ అయిపోయాక స్టాల్ విప్పేస్తారు. మరి ఈ దీపం ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పాత కథలు తిరగేస్తే, నాలుగు రోజుల ప్రదర్శన నుంచి నూరేళ్లు నిలిచే మ్యూజియం పుట్టిన దారి ఒకటి దొరికింది. ఆ దారి మొదట్లోనే బొగ్గు ఉంది.

1851లో లండన్‌లో మహా ప్రదర్శన జరిగింది. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్, హెన్రీ కోల్ అనే అధికారి దానికి పెద్ద దిక్కు. హైడ్ పార్కులో గాజుతో, ఇనుముతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌లో దేశదేశాల యంత్రాలు, సరుకులు పెట్టారు. భవనం బయట స్టేవ్లీ గనుల నుంచి తెచ్చిన ఒకే ఒక్క బొగ్గుపెళ్లను నిలబెట్టారు. దాని బరువు 24 టన్నులు. మా లెక్కలో, బొగ్గు తోలే టబ్బులు ఇరవైకి తక్కువ కాదు. తట్టా చెమ్మస్ (బొగ్గెత్తే పార) పట్టిన మనిషికి ఆ పెళ్లను పగలకుండా పైకి తేవడమంటే ఏమిటో చెప్పనక్కరలేదు.

మే నుంచి అక్టోబర్ దాకా 60 లక్షల సందర్శనలు. టికెట్టు ధర షిల్లింగుకు దిగిన రోజుల్లో కార్మికులు రైళ్లెక్కి కుటుంబాలతో వచ్చారు. ఖర్చులు పోను సుమారు 1,86,000 పౌండ్లు మిగిలాయి. ఆ డబ్బును పంచుకోకుండా సౌత్ కెన్సింగ్టన్‌లో భూమి కొన్నారు. ఈనాటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, సైన్స్ మ్యూజియం, నేచురల్ హిస్టరీ మ్యూజియం అన్నీ ఆ నేల మీదే లేచాయి. టికెట్టు కొన్న కార్మికుడి షిల్లింగు కూడా వాటి పునాదిలో ఉంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క అదే.

మన దగ్గరా ఇలాంటి ముచ్చట జరిగింది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం వాళ్లకు హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వే చేయాలనిపించింది. చేతిలో డబ్బు లేదు. స్థానికంగా తయారైన వస్తువులతో పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రదర్శన పెట్టి నిధి పోగు చేద్దామనుకున్నారు. ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’ అని పేరు. రెండున్నర రూపాయల పెట్టుబడితో మొదలైందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. మధ్యలో ఆగి, 1949లో రాజగోపాలాచారి చేతుల మీదుగా మళ్లీ తెరుచుకుంది. అప్పటినుంచి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది. జనం మాత్రం నుమాయిష్ అనే పిలుస్తారు. జనవరిలో అక్కడ మిర్చిబజ్జీ తిని, దుప్పటి బేరమాడి వచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ ఎన్నో విద్యాసంస్థలు నడుపుతోంది. కమలా నెహ్రూ పాలిటెక్నిక్, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ అందులోవే. వేల మంది ఆడపిల్లల చదువుకు సంత సొమ్ము ఆసరా అయింది.

గనిని మ్యూజియంలోకి తేవడం కూడా కొత్త కాదు. 1911లో జూలియస్ రోజెన్‌వాల్డ్ అనే అమెరికా వ్యాపారి తన చిన్న కొడుకుతో మ్యూనిక్ వెళ్లాడు. అక్కడి డాయిచెస్ మ్యూజియంలో పిల్లాడు మీటలు నొక్కుతూ, చక్రాలు తిప్పుతూ మైమరిచిపోవడం చూశాడు. తర్వాత చికాగోలో అలాంటిదే పెట్టడానికి 30 లక్షల డాలర్లు ఇస్తానని ముందుకొచ్చాడు. 1933లో అది తెరుచుకున్నప్పుడు జనాన్ని లాగింది బొగ్గుగని నమూనాయే. మన దేశంలో కలకత్తా బిర్లా మ్యూజియంలోనూ అలాంటి గని ఉంది.

ఇలాంటి ఇంటికి నిధి పోగు చేయడానికి ఇంకో దారి వేలం. విదేశాల్లో పరిశ్రమల మేళా జరిగే చోటే మ్యూజియాల కోసం నిధుల వేలం పెట్టడం ఉంది. కిటుకు తేలికే. వస్తువును దాత ఉచితంగా ఇస్తాడు కాబట్టి పలికిన ధరంతా నిధికే పోతుంది. మేళాలో యంత్రాలు అమ్మేవాడు, కొనేవాడు, రిటైరైన పాత కార్మికుడు ఒకే కప్పు కింద ఉంటారు. వస్తువు విలువ తెలిసినవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే పాట పెరుగుతుంది.

ఇది మనకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2024లో 30 లక్షల ఒక వెయ్యికి చేరింది. ఆ డబ్బు ఊరి పనులకు వాడారు. మా బస్తీ మండపాల్లోనూ లడ్డూ పాట ఉంటుంది. నలుగురి ముందు పాడి గెలిచినవాడు లడ్డూను నెత్తిన పెట్టుకుని డప్పులతో ఇంటికి పోతాడు. స్టాళ్లు పెట్టడం తెలుసు, వేలం పాడటం తెలుసు. రెండింటినీ కలిపి బాయి సామానుకు ఒక ఇల్లు కట్టలేమా అన్నదే నా ఆశ.

బొగ్గుబాయిలో పని తీరిన ఇనుము మామూలుగా తూకానికి పోతుంది. టబ్బు, గొలుసు, రోలర్ అన్నీ కిలోల లెక్కే. యాంత్రీకరణ పెరిగేకొద్దీ పాత సామాను ఇలా తూకానికి పోయే వేగం ఎక్కువవుతుంది. అడ్రియాల లాంగ్‌వాల్‌లో షియరర్ యంత్రం బొగ్గును గీరి పోస్తుంటే చూసిన కుర్రాడికి చెమ్మస్ అంటే ఏమిటో తెలియకపోవడం వాడి తప్పు కాదు.

మేళాలో వేలం పెట్టేటట్టయితే ఒక కట్టుబాటు మాత్రం గట్టిగా ఉండాలి. పది దీపాలుంటే ఎనిమిది పాటకు పెట్టవచ్చు. ఒక్కటే మిగిలిన వస్తువును ఎంత ధర పలికినా పాటకు పెట్టకూడదు. మ్యూజియం కోసం మ్యూజియం వస్తువునే పోగొట్టుకుంటే ఇక కట్టిన ఇంట్లో ఏం పెడతాం?

మా ఇంట్లో నాయిన బాయిలో వాడిన టోకెన్ ఉంది. గుండ్రటి ఇత్తడి బిళ్ల, మధ్యలో అంకె, దారం కోసం పైన చిన్న రంధ్రం. బొటనవేలు రాసీ రాసీ అంకె సగం అరిగిపోయింది. అది పాటకు రాదు. ఆ ఇల్లు కట్టిన రోజు నేనే పట్టుకెళ్లి ఇస్తాను.