నొప్పికి ముందే చూపు: దంత పరీక్ష చరిత్ర

పన్ను నొప్పి పుడితే లవంగం పెట్టుకుంటాం, ఉప్పునీళ్లు పుక్కిలిస్తాం. రాత్రంతా నిద్ర పట్టకపోతే తెల్లారి దంత వైద్యుడి దగ్గరకు పరుగెత్తుతాం. నొప్పి లేనప్పుడు వెళ్లేవారు మనలో ఎందరు? ‘బాధ లేనప్పుడు వైద్యుడితో పనేమిటి?’ అనే ప్రశ్న సహజమైనదే. దీనికి జవాబు దంత వైద్య చరిత్రలో ఉంది. ఆ చరిత్రను ఈ పాఠంలో క్లుప్తంగా చూద్దాం.

ప్రాచీన కాలం

బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ నవీన శిలాయుగపు జనావాసం. అక్కడి శ్మశానంలో దొరికిన తొమ్మిదిమంది పెద్దల దవడపళ్లలో 11 పళ్లకు రంధ్రాలు తొలిచి ఉన్నాయని శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించారు. ఆ పళ్లు సుమారు 7,500 నుంచి 9,000 సంవత్సరాల నాటివి. పూసలకు బెజ్జాలు వేసే చెకుముకిరాతి మొన బరమాతోనే ఈ పని చేసి ఉంటారని వారి అభిప్రాయం. రంధ్రాల అంచులు నమలడం వల్ల అరిగిపోయి ఉన్నాయి. అంటే, మనుషులు బతికి ఉండగానే వాటిని తొలిచారన్నమాట.

తరువాతి కాలపు సుశ్రుత సంహిత 65 నోటి వ్యాధులను లెక్కించింది. పళ్లపై పేరుకున్న గారను ‘దంతశర్కర’ అని పిలిచి, చిగుళ్లకు దెబ్బ తగలకుండా దాన్ని తీసివేయాలని చెప్పింది. ఈనాడు దంత వైద్యశాలలో జరిగే పనుల్లోనూ అది ముఖ్యమైనదే.

పురుగు కాదు, ఆమ్లం

పన్ను ఎందుకు పుచ్చుతుంది? పురుగు తొలుస్తుందని అనేక దేశాల ప్రజలు వేల ఏళ్లు నమ్మారు. మనం ఇప్పటికీ ‘పన్నుకు పురుగు పట్టింది’ అంటాం. 1683లో హాలండ్‌కు చెందిన లీవెన్‌హుక్ తన పళ్ల పాచిని సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదలాడే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. వాటికీ పుచ్చుకూ సంబంధం తేలడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త మిల్లర్ 1890లో తన గ్రంథంలో ఆ సంబంధాన్ని వివరించాడు. నోటిలోని బ్యాక్టీరియా చక్కెరలనూ పిండి పదార్థాలనూ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామిల్‌ను కరిగిస్తుంది.

మన మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఎనామిల్‌లో నరాలు లేవు, జీవకణాలు లేవు. అందుకే అది కరుగుతున్నా నొప్పి తెలియదు. ఒకసారి గుంట పడితే చర్మంలా తిరిగి పూడదు. పుచ్చు లోపలి పొరను దాటి నరం దాకా చేరినప్పుడే మనకు నిద్ర పట్టని రాత్రి వస్తుంది. అప్పటికి చిన్న సిమెంటుతో పోయే పని రూట్ కెనాల్ దాకానో, పన్ను పీకించుకునే దాకానో వచ్చి ఉంటుంది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. 1896 జనవరిలోనే జర్మన్ దంత వైద్యుడు వాల్కాఫ్ తన పళ్లను ఆ కిరణాలతో చిత్రించుకున్నాడు. అందుకు 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చిందట. కంటికి కనపడని పుచ్చును చూసే దారి అలా తెరుచుకుంది. 1902లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో బడిపిల్లల కోసం దంత వైద్యశాల వెలసింది. 1921లో న్యూజీలాండ్ ప్రభుత్వం పాఠశాల దంత సేవను ప్రారంభించింది. నొప్పి ఉన్నవాడు వైద్యుణ్ణి వెతుక్కునే కాలం పోయి, వైద్యమే పిల్లవాడి దగ్గరకు వచ్చే కాలం మొదలైంది.

మన దేశంలో డాక్టర్ రఫీఉద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంత వైద్య కళాశాలను స్థాపించారు. దంత వైద్యుల చట్టం 1948లో వచ్చింది.

పొదిలి పళ్లు చెప్పిన సంగతి

నొప్పి లేని పళ్లను పరీక్షించడం ఎంత విలువైనదో మన తెలుగునేల మీదే రుజువైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, కొందరికి నడివయసులోనే వెన్నెముక బిగుసుకుపోయేది. షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే పరిశోధకులు 1937లో దీనికి కారణాన్ని ప్రకటించారు. అది తాగునీటిలోని ఫ్లోరైడ్. దేశంలో ఫ్లోరోసిస్‌పై వెలువడిన తొలి నివేదికలలో ఇది ముఖ్యమైనది.

ఈ వ్యాధి మొదటి జాడ ఎముకలో కాదు, పంటిమీద కనిపిస్తుంది. శాశ్వత దంతాల ఎనామిల్ చిగురు లోపల తయారయ్యే పసితనంలో పిల్లలు ఆ నీరు తాగితే, పళ్లు సుద్దలా తెల్లటి మచ్చలతోనో గోధుమరంగు చారలతోనో పుట్టుకొస్తాయి. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చి స్థిరపడినవారి పళ్లపై ఈ చారలు ఏర్పడవు. అంటే పన్ను ఒక రికార్డు వంటిది. బాల్యంలో ఏ నీరు తాగారో అది చెబుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నల్లగొండ జిల్లాలో ఒక బడిలో పాఠం చెప్పాను. పళ్లు సరిగా తోముకోలేదని ఒక బాలుణ్ణి తరగతి ముందు నిలబెట్టి కోప్పడ్డాను. వాడు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. అది తోమితే పోయే గార కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎరిగిన దంత వైద్యుడు ఒక్కసారి చూసి ఉంటే, ఆ బడి బావి నీటిని పరీక్షకు పంపించమని చెప్పి ఉండేవాడు. చార పడిన పన్ను మళ్లీ మామూలుగా మారదు. కాని తాగే నీటిని మార్చవచ్చు, ఎముకలను కాపాడుకోవచ్చు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో రూపొందించింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి.

ఏ వయసులో ఏమి చూడాలి?

మొదటి పాలపన్ను వచ్చాక, ఏడాది నిండేలోపు ఒకసారి బిడ్డను చూపించాలి. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనుక వచ్చే పెద్ద దవడపన్ను శాశ్వతమైనది. దాన్ని పాలపన్ననుకుని చాలామంది తల్లిదండ్రులు వదిలేస్తారు. గర్భిణులకు చిగుళ్లు వాచి రక్తం కారవచ్చు. మధుమేహం ఉన్నవారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. ఆ జబ్బు తిరిగి చక్కెర అదుపును దెబ్బతీస్తుంది. పొగాకు, గుట్కా అలవాటున్నవారి నోటిలో మానని పుండును, తెల్లమచ్చను వైద్యుడు ముందుగా గుర్తించగలడు. పెద్దవయసులో చిగుళ్లు కిందికి జారి పంటివేళ్లు బయటపడి పుచ్చుతాయి. కట్టుడుపళ్లు పెట్టుకున్నవారికీ నోటి పరీక్ష అవసరమే.

ఆరు నెలలకోసారి వెళ్లాలనే మాట అందరికీ తెలుసు. అయితే ఆ గడువు అందరికీ ఒకటే కానక్కరలేదు. 2004లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ప్రమాదాన్ని బట్టి గడువు నిర్ణయించాలన్నాయి. కొందరికి మూడు నెలలు, ఆరోగ్యమైన పెద్దలకు రెండేళ్ల వరకు, పిల్లలకు ఏడాదికి మించకుండా ఉండాలని సూచించాయి. మీ గడువు ఎంతో మీ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి. ఆ తేదీని కేలండరు మీద రాసుకోండి. నొప్పి వచ్చి గుర్తు చేసేదాకా ఆగవద్దు.