తాండూరు బండ కింద కాగితాలు

తాండూరులో రాయికి రెండు జాతకాలు. పలకలుగా చీలి, పాలిష్ పట్టించుకుని, ఇళ్లలో పరుచుకునేది నాపరాయి. నలిగి, బట్టీలో కాలి, సిమెంటు సంచిలోకి వెళ్లేది సున్నపురాయి. భూమిలో రెండూ భీమా బేసిన్ పొరలే. విడదీసింది చట్టం. పలకలకు పనికొచ్చేది చిన్నతరహా ఖనిజం కాబట్టి దాని పద్దు 1966 నాటి నియమాల కింద రాష్ట్ర గనుల శాఖ దగ్గర ఉంటుంది. సిమెంటు రాయి ప్రధాన ఖనిజం. దానికి 1957 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది, లెక్కలు నాగపూర్‌లోని భారత గనుల బ్యూరోకు చేరాలి. ఈ ప్రాంతపు గని కంపెనీల తప్పొప్పులను ఎవరైనా పరిశోధించబోతే మొదట అర్థం చేసుకోవలసింది ఇదే. ఒకే గుట్టకు రెండు చిట్టాలున్నాయి, ఒకదాని సంగతి రెండోదానికి పట్టదు.

ఇంట్లో దొంగ పడితే పక్కింటివాళ్లు చూస్తారు, కుక్క మొరుగుతుంది. కంపెనీ తప్పు చేస్తే చూసేవాళ్లుండరు. చూసినవాళ్లు జీతగాళ్లు, వాళ్లు మాట్లాడరు. యజమానిని ఇంటర్వ్యూ అడిగితే కాఫీ ఇచ్చి పంపిస్తాడు. అందుకే ఈ రంగంలో పరిశోధకులు మొదటినుంచీ ఇంకెవరో ఇంకెందుకో రాసుకున్న కాగితాల మీదే ఆధారపడ్డారు. కోర్టు తీర్పులు, ఆడిట్ నివేదికలు, లీజు దస్త్రాలు, వార్షిక నివేదికలు అలాంటివి. ద్వితీయ ఆధారాలని పాఠ్యపుస్తకాలు పిలిచేది వీటినే.

మన దగ్గర ఈ కథ రైలుతో మొదలైంది. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా వాడి దాకా నిజాం రైలుమార్గం 1874లో తెరుచుకుంది. ఆ లైనును లండన్‌లో పెట్టబోయే కంపెనీకి అప్పగించి, చాందా వైపు పొడిగించే పథకం 1883లో నడిచింది. షరతులేమిటో జనానికి చెప్పమని హైదరాబాద్‌లో కొందరు ఆందోళన లేవదీశారు. వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఒకరు. ఆయన్ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. ఒక కంపెనీ ఒప్పందపు కాగితం చూపించమన్నందుకు దేశబహిష్కారం! సమాచార హక్కు చట్టం రావడానికి ఇంకా 122 ఏళ్లుంది.

రైలు వ్యవహారంలో దాగిన కాగితాలు గనుల వ్యవహారంలో బయటపడ్డాయి. నిజాం రాజ్యంలోని ఖనిజాల మీద హక్కులు వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరికి 1886 జనవరిలో దక్కాయి. వాళ్లు లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ స్థాపించారు. మూలధనం కాగితం మీద పది లక్షల పౌండ్లు, పది పౌండ్ల చొప్పున లక్ష షేర్లు. వాటిలో 85 వేలు డబ్బేమీ కట్టకుండానే, పూర్తిగా చెల్లించినట్టు రాసుకుని, హక్కులు సంపాదించినవాళ్ల వైపే వెళ్లాయి. నిజాం తరఫున బేరం నడిపిన పెద్ద అధికారి అబ్దుల్ హఖ్‌కు వాటిలో వాటా ముట్టింది. ప్రభుత్వం కూడా ఈ కంపెనీలో డబ్బు పెడితే మంచిదని తేల్చినప్పుడు, బజారులో కొన్నట్టు చూపిస్తూ తన షేర్లనే ప్రభుత్వానికి అంటగట్టాడు. కంచే చేను మేసింది.

1888లో బ్రిటిష్ పార్లమెంటు దీనిమీద సెలెక్ట్ కమిటీ వేసింది. నిజాం ప్రభుత్వం వైపు నుంచి మొహ్సిన్ ఉల్ ముల్క్ లండన్ వెళ్లాడు. సాక్షుల ప్రశ్నోత్తరాలు, షేర్ల లెక్కలు, ఉత్తరాలు అచ్చులోకి వచ్చాయి. ఆ కంపెనీ ఆస్తులే తర్వాత 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీకి చేరాయి కనుక, మన బొగ్గు చరిత్ర రాసేవారందరూ ఆ నివేదిక గడప తొక్కవలసిందే. అయితే ఒక్క మాట. ఆ కమిటీ అడిగిన ప్రశ్నలు నిజాంకూ లండన్ మదుపరులకూ జరిగిన నష్టం గురించినవి. బొగ్గు తవ్వినవాళ్లు, భూమి పోయినవాళ్లు ఎవరూ అక్కడికి వెళ్లి సాక్ష్యం చెప్పలేదు. దస్త్రం ఎవరి కోసం తెరుచుకుంటుందో వాళ్ల గొడవే అందులో కనిపిస్తుంది.

ఇలాంటి కాగితాలను ఒక పద్ధతి ప్రకారం కుప్పపోసి లెక్కపెట్టిన తొలి ప్రసిద్ధ పరిశోధకుడు అమెరికన్ ఎడ్విన్ సదర్లాండ్. తెల్లచొక్కా నేరం అన్న భావనను ఆయన 1939లో ఒక ఉపన్యాసంలో ప్రవేశపెట్టాడు. 1949లో పుస్తకం వచ్చింది. 70 పెద్ద కంపెనీలను తీసుకుని, కోర్టులూ కమిషన్లూ వాటికి వ్యతిరేకంగా ఇచ్చిన నిర్ణయాలను ఏరితే 980 తేలాయి. కంపెనీకి సగటున 14, ఒక్కటీ లేని కంపెనీ లేదు. వాటిలో క్రిమినల్ కోర్టుల నుంచి వచ్చినవి ఆరో వంతు కూడా కావు. జైలు రికార్డులే చూసుకుంటూ కూర్చుంటే పెద్దమనుషుల నేరం ఎన్నటికీ కనిపించదని ఆయన వాదన. పుస్తకం అచ్చు వేసేవాళ్లు మాత్రం పరువునష్టం దావాలకు జడిసి కంపెనీల పేర్లు తీయించేశారు. పేర్లతో సహా పూర్తి ప్రతి 1983లో గానీ రాలేదు. అన్నీ బహిరంగ తీర్పులే, అయినా 34 ఏళ్లు దాచారు.

తర్వాత క్లినార్డ్, యేగర్ బృందం 582 కంపెనీలను, 1975, 1976 సంవత్సరాల్లో అమెరికా కేంద్ర సంస్థలు వాటిపై మొదలుపెట్టిన 1,553 కేసులను పరిశీలించింది. సుమారు 60 శాతం కంపెనీల మీద కనీసం ఒక్క చర్య ఉంది. మన దేశంలో ఆ స్థాయి జాబితా తయారు కాలేదు. దాల్మియా-జైన్ కంపెనీల మీద 1956లో వేసిన వివియన్ బోస్ కమిషన్, తెల్లచొక్కా నేరాలను చర్చించిన సంతానం కమిటీ, ఆర్థిక నేరాలపై 1972 నాటి లా కమిషన్ 47వ నివేదిక ముడిసరుకు ఇచ్చాయి. జాతీయ నేర గణాంకాలు వెతికినా పెద్దగా ఉపయోగం లేదు. అక్కడ మోసం, ఫోర్జరీ, నమ్మకద్రోహం ఉంటాయి. చిట్టీ ఎగ్గొట్టినవాడూ లెక్కలు మార్చిన కంపెనీ డైరెక్టరూ ఒకే వరుసలో కూర్చుంటారు.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది, మరుసటి ఏడు కంపెనీల రిజిస్ట్రీ ఆన్‌లైన్‌కెక్కింది. పరిశోధకుడి చెప్పులరుగుదల కొంత తగ్గింది. కాగితం అందుబాటులో ఉంటే నిజం కూడా అందుతుందన్న భ్రమను మాత్రం 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు రాసిన ఉత్తరం పోగొట్టింది. లెక్కల్లో చూపించిన లేని నగదు 5,040 కోట్లని అందులో ఒప్పుకున్నాడు. అంతకు ముందు ఏడాదే మంచి పాలనకు ఆ కంపెనీకి బహుమతి! ప్రత్యేక కోర్టు 2015 ఏప్రిల్ 9న శిక్షలు వేసింది. అప్పటిదాకా ఆ వార్షిక నివేదికలను నమ్మి లెక్కలు కట్టినవాళ్లు నేరాన్ని పరిశోధించడానికి నేరపు పనిముట్టునే కొలబద్దగా వాడారన్నమాట. ఆడిట్ అయిన లెక్క కూడా ఎవరో రాసిన వాంగ్మూలమే. ఇంకో చోటి లెక్కతో అది సరిపోవాలి.

సిమెంటు విషయంలో ఈ సరిపోల్చడం అందంగా సాగుతుంది. ఒక టన్ను క్లింకరుకు సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. ఫ్యాక్టరీ ఎంత క్లింకరు చేసిందో దాని ఉత్పత్తి లెక్క చెబుతుంది. ఎంత రాయికి రాయల్టీ కట్టిందో గనుల శాఖ రసీదు చెబుతుంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా దానంతటదే పలుకుతుంది. ఆ తేడా నేరమని మాత్రం వెంటనే అనకూడదు. బయటి నుంచి కొన్న క్లింకరు, గుట్టగా పోసిన నిల్వ, రాయి నాణ్యత, వీటన్నిటినీ తీసేశాక మిగిలిందే ప్రశ్న.

ధరల కుమ్మక్కు కేసులో ఇలాంటి లెక్కలే సాక్ష్యం చెప్పాయి. బిల్డర్స్ అసోసియేషన్ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్‌లో 11 సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల జరిమానా వేసింది. రహస్య ఒప్పందమేదీ చేతికి దొరకలేదు. ఉత్పత్తి, సామర్థ్య వినియోగం, సరఫరా, ధరల పట్టికలను, సిమెంటు కంపెనీల సంఘం సమావేశాలను పక్కపక్కన చదివి, ఇది యాదృచ్ఛికం కాదని తేల్చారు. 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్లీ వినమంది. కమిషన్ 2016లో మళ్లీ జరిమానా వేసింది. 2018లో పై ట్రిబ్యునల్ దాన్ని సమర్థించింది, కంపెనీలు సుప్రీంకోర్టుకెళ్లాయి. ఈ నాలుగు మజిలీల్లో ఏ తేదీన పరిశోధకుడు దస్త్రం తెరిచాడన్నదాన్ని బట్టి అదే కంపెనీ దోషిగానో, నిర్దోషిగానో, మధ్యలోనో ఉంటుంది. జరిమానా పడిన జాబితాలోని ఇండియా సిమెంట్స్‌కు తాండూరు దగ్గర మల్కాపూర్‌లో ఫ్యాక్టరీ ఉంది. ఇక్కడో చిక్కు కూడా ఉంది. కాంపిటీషన్ కమిషన్‌ను అందరూ సీసీఐ అంటారు. కరన్‌కోట్‌లో ఫ్యాక్టరీ ఉన్న కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ కూడా సీసీఐయే. పాత పత్రికల్లో ఆ మూడక్షరాలు కొట్టి వెతికినవారికి న్యాయమూర్తీ కార్మికుడూ కలిసి ప్రత్యక్షమవుతారు.

2013లో సీబీఐ దాఖలు చేసిన ఒక అభియోగపత్రంలో పెన్నా సిమెంట్స్‌కు తాండూరు ప్రాంతంలో సున్నపురాయి లీజు పునరుద్ధరించిన విషయమూ ఉంది. అలాంటి పత్రం విలువ అందులోని ఆరోపణలో లేదు, ఆరోపణ ఆరోపణే. దానికి జతచేసిన దస్త్రాల జాబితాలో ఉంది. ఏ సెక్షన్ నుంచి ఏ టేబుల్‌కు ఫైలు నడిచిందో అక్కడే తెలుస్తుంది.

స్థానికంగా చూస్తే అసలు వంకర ఇంకోటి. నాపరాయి, ఎర్రమట్టి, సుద్ద పర్మిట్ లేకుండా తోలుతుంటే ఆపి రాసే కేసులకు ట్రాక్టరు నంబరు, డ్రైవరు పేరు, జరిమానా, అన్నీ వరుసగా దొరుకుతాయి. పెద్ద గనిలో హద్దు దాటి తవ్వారా లేదా అన్నది సర్వే చేస్తే గానీ తెలియదు, సర్వే చేయిస్తే గానీ కాగితం పుట్టదు. కేసుల లెక్క మాత్రమే తీసుకుని ఈ జిల్లాలో గని నేరం చేసేది ఎవరని కంప్యూటరును అడిగితే ట్రాక్టరు డ్రైవరని ఠక్కున చెబుతుంది. ఆ పట్టిక కొలిచింది తనిఖీ బృందం ఏ దారిలో నిలబడిందన్నదాన్ని.

పాత లీజు జాడ పట్టాలంటే ఊరి చిరునామా కూడా చూసుకోవాలి. 1956 దాకా తాండూరు గుల్బర్గా జిల్లా తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో గుల్బర్గా మైసూరుకు వెళ్తే కొడంగల్, తాండూరు తాలూకాలు మాత్రం ఆంధ్రప్రదేశ్‌కొచ్చాయి. తాండూరు హైదరాబాద్ జిల్లాలో, 1978 నుంచి రంగారెడ్డిలో, 2016 అక్టోబరు 11 నుంచి వికారాబాద్‌లో ఉంది. నిజాం కాలపు దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, చాలావరకు ఉర్దూలో, ఫారసీలో ఉంటాయి. తేదీలు ఫసలీవి, 590 కలిపితే మన లెక్కకొస్తాయి. కంపెనీలూ అంతే. మల్కాపూర్ ఫ్యాక్టరీ మొదట విశాకది, తర్వాత ఇండియా సిమెంట్స్‌ది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. పెన్నాను అదే ఏడాది అంబుజా కొంది. అందుకే ఇక్కడి దస్త్రాలతో పని పెట్టుకున్నవాళ్లు నోటుబుక్కు మొదటి పేజీలో రెండు వరుసలు గీసుకోవాలి. ఒకదాంట్లో ఏ ఏడు ఏ జిల్లా, రెండోదాంట్లో ఏ ఏడు ఏ యజమాని. కలబురగి (పాత గుల్బర్గా) ఆఫీసులో అడిగేటప్పుడు మొదటి వరుస, కంపెనీల రిజిస్ట్రీలో వెతికేటప్పుడు రెండోది. గుట్ట పేరు మాత్రం రెండింట్లోనూ ఒకటే.