కాపరి, పెద్ద, అధ్యక్షుడు

తెల్లాపూరు నేడు హైదరాబాదు నగరపు పడమటి అంచున ఎత్తైన భవనముల నడుమ ఉన్నది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు అది మెదకు జిల్లాలోని పల్లె. మెదకు అనగానే మనకు స్ఫురించునది చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర పూనికతో నిర్మాణమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మహాదేవాలయము. దాని శిల్పమును గూర్చి చెప్పినవారు పెక్కుమంది. ఆ మెదకు అధ్యక్షమండలమున ఊరూరా సంఘములను కనిపెట్టుకొని యుండు గురువుల పదవిని గూర్చి చెప్పినవారు తక్కువ. సంఘస్థులు వారిని పాదిరిగారనియు, అయ్యగారనియు పిలుతురు. దక్షిణ ఇండియా సంఘపు నిబంధనలలో మాత్రము వారి హోదా 'ప్రెస్బిటరు'. పోస్నెట్ దొర వెస్లియన్ మెథడిస్టు; ప్రెస్బిటీరియన్ కాడు. మరి ఈ పేరు ఇచ్చటి కెట్లు వచ్చినది?

ఆ మాట గ్రీకు భాషలోనిది. దాని అర్థము 'పెద్ద'. తెలుగు బైబిలులోను ఆ అర్థముననే 'పెద్దలు' అను మాట వాడినారు. పదునారవ శతాబ్దిలో జెనీవాలో కాల్విను, స్కాట్లండులో జాన్ నాక్సు నెలకొల్పిన పద్ధతిలో కాపరి ఒక్కడే సంఘము నేలడు. సభ్యులు ఎన్నుకొన్న పెద్దలు అతనితో సమముగా కూర్చుండి విచారింతురు. కాపరులలో హెచ్చుతగ్గులు లేవు. వారిపై బిషప్పు లేడు. మన రచ్చబండ మీదను పెద్దలు కూర్చుండెడివారే. అయితే ఆ పెద్దరికము పుట్టుకతో వచ్చునది. సంఘములలో చేరినవారిలో అధికులు ఆ బండ మీద చోటులేని మాలమాదిగలు. అట్టివారిలో ఒకనిని తోటివారు పెద్దగా ఎన్నుకొనుట ఆనాటి పల్లెలో చిన్న సంగతి కాదు.

ఈ పద్ధతి తెలుగునాట వేళ్లూనిన చోటు మదనపల్లె. అమెరికా దేశపు రిఫార్మ్డ్ చర్చివారి ఆర్కాటు మిషను ప్రెస్బిటీరియన్ క్రమమును పాటించినది. ఆ మిషనులోని జేకబ్ ఛేంబర్లేను వైద్యుడు, బోధకుడు కూడను. 1863లో ఆయన నిజాము రాజ్యము మీదుగా మధ్యభారతము వరకు సుమారు 1,200 మైళ్లు పర్యటించినాడు. తెలుగు బైబిలు సంస్కరణలో పాల్గొన్నాడు. 1908లో మదనపల్లెలో కన్నుమూసినాడు. ఆ యేడే ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంఘములు కలిసి దక్షిణ ఇండియా ఐక్య సంఘమైనవి. కడప సీమలోని లండన్ మిషను సంఘములును అందులో చేరినవి.

ఏ మిషనైనను పల్లెలలో పని నడచిన తీరు ఇంచుమించు ఒకటే. అభిషేకము పొందిన కాపరి ఒక్కడు; అతని కింద ఊళ్లు అనేకము. కావున ఊరి భారము ఉపదేశిది. పగలు పిల్లలకు అక్షరములు దిద్దించి, పొద్దుగూకిన పిమ్మట కూలినుండి మరలినవారితో ప్రార్థన జరిపెడివాడు. బైబిలు స్త్రీలు గడపగడపకు వెళ్లి ఆడువారికి చదువు చెప్పినారు. ఇల్లాండ్రు వంటకు ముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యమును సంఘము పోగుచేసెడిది. తగవులు పెద్దలు తీర్చెడివారు.

1919లో తరంగంబాడిలో కొందరు గురువులు సమావేశమైనారు; వారిలో ఇద్దరు తప్ప అందరును భారతీయులే. 1912లో దోర్నకల్లు బిషప్పైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య వారిలో ప్రముఖుడు. పాశ్చాత్యుల తగవులవలన ఏర్పడిన శాఖలు మనకేల అని వారు తలచినారు. ఐక్యతకు అడ్డుపడినది ఒక్క ప్రశ్న: కాపరి తలపై చేతులుంచు అధికార మెవరిది? బిషప్పులదే అని ఆంగ్లికనులు. పెద్దల సభది అని ప్రెస్బిటీరియనులు. ఆంగ్లికనుల మాట నెగ్గినచో, ఏండ్ల తరబడి ఊళ్లు తిరిగి తల నెరసిన కాపరి తన అభిషేకము చెల్లదని ఒప్పుకొని మరల మోకరిల్లవలెను. ఈ చర్చ ఇరువదియెనిమిది యేండ్లు సాగినది.

తుదకు కుదిరిన ఒప్పందము ఇది. బిషప్పులు ఉందురు, ఇకమీదట జరుగు అభిషేకములు వారి చేతులమీదనే. అప్పటికే ఉన్న కాపరులకు మాత్రము పునరభిషేకము లేదు, అందరును ప్రెస్బిటరులే. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మదరాసు సెయింట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము వెలసినది. స్కాట్లండు ప్రెస్బిటీరియన్ సంఘపు లెస్లీ న్యూబిగిన్ మధుర రామనాథపురములకు బిషప్పైనాడు. మెథడిస్టు ఫ్రాంక్ విటేకరు మెదకునకు బిషప్పైనాడు. బిషప్పు వద్దన్నవారు బిషప్పులైరి. పెద్దల పద్ధతివారి పేరు అందరి కాపరులకును దక్కినది. మెదకు పల్లెలకు ప్రెస్బిటరు వచ్చినది ఈ దారినే.

ఈ ఐక్యత అందరిని ఒకేసారి కలుపలేదు. నంద్యాల సీమ ఆంగ్లికనులలో పెక్కుమంది దూరముగ నిలిచినారు; 1975లో గాని వచ్చి చేరలేదు. అదే నంద్యాలకు 2013లో పుష్పలలిత గారు బిషప్పైనారు. ఆ సంఘమున ఆ పదవి పొందిన తొలి మహిళ ఆమెయే. చేతులుంచు అధికార మెవరిదని తగవుపడి వెలుపల ఆగిన సీమలోనే ఆ అధికారము ఒక తెలుగు స్త్రీకి మొదట దక్కినది. పిడికెడు బియ్యము తీసి ఉంచిన ఇల్లాండ్రను, గడపగడప తిరిగిన బైబిలు స్త్రీలను ఈ సందర్భమున మనము తలచుకొనుట న్యాయము.